ఉత్సవారాధన రేడియో ప్రసారాలు

గుడిలోనో, చర్చిలోనో, యూదుల సినగాగ్‌లోనో జరిగే పండుగ ఆరాధనను అక్కడికి వెళ్లలేనివారు ఇంటి దగ్గరే విని పాల్గొనేలా రేడియో అందించే ప్రసారాలు ఇవి. తెలుగువారికి ఈ మాట వినగానే గుర్తొచ్చేది చైత్ర శుద్ధ నవమి నాడు భద్రాచలం నుంచి ఆకాశవాణి అందించే సీతారాముల కల్యాణ ప్రత్యక్ష వ్యాఖ్యానం. ఉగాది పంచాంగ శ్రవణం, తెల్లవారుజాము భక్తిరంజని, పురాణ ప్రవచనాలు కూడా ఈ కోవలోకే వస్తాయి. ఈ వ్యాసం తెలుగు ప్రసారాలను, వాటిలోనూ జగిత్యాల జిల్లా మేడిపల్లి, కోరుట్ల ప్రాంతపు శ్రోతలను, పక్కనే ఉన్న రాజన్న సిరిసిల్ల జిల్లా శ్రోతలను ప్రధానంగా తీసుకుంటుంది. యూదుల పండుగ ప్రార్థనల ప్రసారాలకు ‘ఇతర దేశాల్లో’ అన్న విభాగం చూడండి.

పరిధి

భక్తి పాటలు వేసే ప్రతి కార్యక్రమమూ ఉత్సవారాధన ప్రసారం కాదు. ఒక నిర్దిష్టమైన తిథి, ముహూర్తం, క్షేత్రం ఉండాలి. అక్కడి క్రతువు సాగుతున్నంతసేపూ శ్రోత దానితో పాటు సాగాలి. ఈ లెక్కన భద్రాచల కల్యాణం ఈ ప్రసారాలకు అచ్చమైన నమూనా. భక్తిరంజని వంటివి నిత్యారాధనకు తోడుండే కార్యక్రమాలు. పంచాంగ శ్రవణం ఈ రెండింటికీ నడుమ ఉంటుంది. అది ఏడాదికి ఒక్కరోజే జరుగుతుంది, కానీ ఒక గుడికి కట్టుబడి ఉండదు.

చరిత్ర

భారతదేశంలో క్రమబద్ధమైన ప్రసారాలు 1927 జులై 23న బొంబాయిలో ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీతో మొదలయ్యాయి. 1936 జూన్‌లో ఆలిండియా రేడియో అన్న పేరు వచ్చింది. 1938 జూన్ 16న మద్రాసు కేంద్రం ప్రారంభమయ్యాక తెలుగు కార్యక్రమాలకు చోటు దొరికింది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న వచ్చింది.

తెలంగాణ కథ వేరు. నిజాం రాజ్యానికి సొంత రేడియో ఉండేది. 1930లలో హైదరాబాదులో పుట్టిన దక్కన్ రేడియోలో ఉర్దూదే పైచేయి. తెలుగు, మరాఠీ, కన్నడలకు కొద్దిపాటి సమయం దక్కేది. 1950 ఏప్రిల్ 1న ఆ కేంద్రం ఆలిండియా రేడియోలో కలిసింది. అప్పటి కరీంనగర్ జిల్లాలో భాగమైన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలకు తెలుగు పండుగ రేడియోలో వినిపించడం నిజంగా మొదలైంది ఆ తరువాతనే.

ఆకాశవాణి ప్రసారం మొదలయ్యే ముందు వినిపించే ఆ పరిచయ సంగీతాన్ని స్వరపరిచింది వాల్టర్ కౌఫ్‌మన్ అని చెబుతారు. ఆయన మధ్య యూరప్‌కు చెందిన యూదు సంగీతజ్ఞుడు. నాజీల పీడన ముంచుకొస్తున్న రోజుల్లో, 1934లో, బొంబాయి చేరి అక్కడి రేడియోలో సంగీత విభాగం బాధ్యత చూశారు. తంబురా శ్రుతి మీద వయొలిన్ పలికే ఆ స్వరం శివరంజని రాగచ్ఛాయలో ఉంటుంది. తెల్లవారకముందే దీపం పెట్టుకుని భక్తిరంజని కోసం రేడియో తిప్పిన తెలుగు ఇళ్లు తరాల తరబడి ముందుగా విన్నది ఒక యూదు శరణార్థి బాణీని. ఈ సంగతి తెలిసినవారు తక్కువ, తెలియాల్సింది చాలామందికి.

విజయవాడ కేంద్రంలో బాలాంత్రపు రజనీకాంతరావు తీర్చిదిద్దిన భక్తిరంజని తెలుగు రేడియోకు ఒక ఒరవడి పెట్టింది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ, ఓలేటి వేంకటేశ్వర్లు, శ్రీరంగం గోపాలరత్నం వంటి విద్వాంసులు ఆ కేంద్రంలో పనిచేశారు. సూర్యస్తుతులు, తత్త్వాలు, రామదాసు కీర్తనలు, అన్నమయ్య పదాలు కచేరీ హంగులు లేకుండా, ఇంట్లో పాడుకునే తీరులో వినిపించాయి. ఇంటి ఆరాధనకు రేడియో ఎంత గొంతుతో పలకాలో శ్రోతలకు అలవాటు చేసింది ఈ కార్యక్రమమే. పండుగనాటి ప్రత్యక్ష ప్రసారాలు ఆ అలవాటు మీదే నిలబడ్డాయి.

రకాలు

మొదటిది ప్రత్యక్ష వ్యాఖ్యానం. కల్యాణాలు, బ్రహ్మోత్సవాలు, పుష్కరాలు ఇందులోకి వస్తాయి. ఒడిశాలో పూరీ రథయాత్ర వ్యాఖ్యానం ఈ తరగతిలో దేశమంతా ఎరిగినది.

రెండోది వినడమే విధిగా ఉన్న కర్మ. ఉగాదినాడు పంచాంగం వింటే పుణ్యమని నమ్మకం. ఇక్కడ చూడాల్సిందంటూ ఏమీ లేదు. తిథి, వార, నక్షత్ర, యోగ, కరణాలు, నవనాయకులు, ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు, వానల అంచనా అన్నీ చెవికి చేరాల్సినవే. అందుకని ఊళ్లో పంతులు చదివినా, హైదరాబాదు స్టూడియోలో సిద్ధాంతి చదివినా శ్రోతకు లోటు ఉండదు. రేడియోకు ఇంతగా నప్పిన పండుగ మరొకటి లేదు.

మూడోది ప్రవచనం. ఉషశ్రీగా పేరుపొందిన పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులు (1928–1990) విజయవాడ కేంద్రం నుంచి చెప్పిన రామాయణ, భారతాలు, ధర్మసందేహాలు ఇందుకు శిఖరం.

నాలుగోది నాదారాధన. పుష్య బహుళ పంచమి నాడు తిరువయ్యారులో త్యాగరాజ ఆరాధన సందర్భంగా పంచరత్న కీర్తనల గోష్ఠిగానాన్ని ఆకాశవాణి ప్రత్యక్షంగా అందిస్తుంది. త్యాగయ్య రచించింది తెలుగులో. తమిళనాడులో కావేరి ఒడ్డున పాడుతున్న తెలుగు తెలంగాణ పల్లెలో వినిపించడం ఈ ప్రసారంలోని అరుదైన గుణం.

వీటికి తోడు క్రిస్మస్, గుడ్ ఫ్రైడే, రంజాన్, మిలాద్ సందర్భాల్లో ప్రత్యేక కార్యక్రమాలు ఉంటాయి. రంజాన్ నెలవంక కనబడిందన్న ప్రకటన కోసం రేడియో దగ్గర కూచోవడం పట్టణాల్లో ఎరిగిన అలవాటు. క్రైస్తవ శ్రోతలకు విదేశీ షార్ట్‌వేవ్ కేంద్రాలు కూడా ఆసరా అయ్యాయి. మనీలా నుంచి రేడియో వెరితాస్ ఏషియా తెలుగులో కార్యక్రమాలు నడిపింది. ఆ సంస్థ షార్ట్‌వేవ్ ప్రసారాలు 2018లో ఆగిపోయి అంతర్జాలానికి మళ్లాయి.

భద్రాచల కల్యాణ ప్రసారం

గోదావరి ఒడ్డున భద్రాచలంలో ఏటా శ్రీరామనవమి నాడు అభిజిత్ లగ్నంలో, అంటే మిట్టమధ్యాహ్నం వేళ, కల్యాణం జరుగుతుంది. మరునాడు దశమికి మహాపట్టాభిషేకం. కుతుబ్‌షాహీ సుల్తాను అబుల్ హసన్ తానీషా కాలంలో రామదాసుగా పేరుపొందిన కంచర్ల గోపన్న ఈ గుడి కట్టించాడు. ప్రభుత్వం తరఫున ముత్యాల తలంబ్రాలు, పట్టువస్త్రాలు సమర్పించే ఆనవాయితీని కూడా తానీషా నాటిదిగానే చెబుతారు. భద్రాచలం 1959 వరకు తూర్పు గోదావరి జిల్లాలో ఉండి ఆ తరువాత ఖమ్మం జిల్లాలో కలిసింది. కోస్తాకూ తెలంగాణకూ ఉమ్మడి క్షేత్రం కాబట్టి ఈ కల్యాణం విజయవాడ శ్రోతలకు ఎంతో హైదరాబాదు శ్రోతలకూ అంతే.

ప్రసారం ఉదయం పదిన్నర ప్రాంతంలో మొదలై రెండు గంటలకు పైగా సాగుతుంది. క్రతువుకు ఒక వరస ఉంది. విష్వక్సేన పూజ, పుణ్యాహవచనం, రక్షాబంధనం, యజ్ఞోపవీత ధారణ, వరపూజ, గోత్ర ప్రవరలు, కన్యాదానం, సరిగ్గా ముహూర్తానికి జీలకర్ర బెల్లం, ఆపైన మాంగల్యధారణ, తలంబ్రాలు. పెళ్లి తంతు ఎరిగిన తెలుగు శ్రోతకు ఈ వరస కంఠస్థం. వ్యాఖ్యాత రెండు నిమిషాలు మౌనంగా ఉన్నా మంత్రం వింటూనే ఇప్పుడేం జరుగుతోందో ఇంట్లో ముసలమ్మ చెప్పేస్తుంది. కొత్త శ్రోతకు మాత్రం మాట సాయం కావాలి. ఈ ఇద్దరికీ నడుమ తూకం పట్టుకోవడమే వ్యాఖ్యాత పని.

చెప్పాల్సినవి ముఖ్యంగా కంటికి సంబంధించినవి. ఉత్సవమూర్తుల అలంకారం, పందిరి, భక్తుల రద్దీ, గులాల్ కలిపిన తలంబ్రాల ఎరుపు, వాటిలో మెరిసే ముత్యాలు, గోటితో ఒడ్లు ఒలిచి తెచ్చిన భక్తులు. మూడు మంగళసూత్రాలు భద్రాచలంలో ఒక విశేషం. దశరథుడి తరఫున ఒకటి, జనకుడి తరఫున ఒకటి, రామదాసు చేయించింది ఒకటి అని చెబుతారు. మూడోదాని దగ్గరకు వచ్చేసరికి వ్యాఖ్యాతలు రామదాసు చెరసాల కథ అందుకోవడం ఆనవాయితీ.

ఉషశ్రీ వ్యాఖ్యానం ఇందులో ఒక ప్రమాణంగా నిలిచింది. ఆయన గొంతు గంభీరం, మాట వాడుక మాట. శ్లోకం చదివి అర్థం విప్పేటప్పుడు పక్కింటి పెద్దాయన అరుగు మీద చెబుతున్నట్టుండేది. తరువాతి కాలంలో మల్లాది చంద్రశేఖరశాస్త్రి శాస్త్ర ప్రమాణాలతో నడిపిన వ్యాఖ్యానాలు పేరుపొందాయి. మంచి వ్యాఖ్యాతకు గుర్తు ఎక్కడ ఆగాలో తెలియడం. మాంగల్యధారణ వేళ మాట ఆగిపోవాలి. గట్టిమేళం, వేదఘోష, జనం ఒక్కసారిగా చేసే రామనామ ఘోష మాత్రమే వినబడాలి. అక్కడ కూడా ఆపకుండా విశేషణాలు పేర్చే వ్యాఖ్యానం ఇటీవల పెరిగింది. అది ప్రసారానికి మేలు చేయలేదు.

ఇంటి దగ్గర జరిగేదానికీ ఒక పద్ధతి ఉంది. తలంటి పోసుకుని, రాముడి పటానికి పూలదండ వేసి, ఇత్తడి పళ్లెంలో అక్షింతలు కలిపి పెట్టుకుంటారు. పానకం, వడపప్పు సిద్ధమవుతాయి. రేడియోను గూట్లోంచి దించి పటం పక్కన పెట్టుకునే ఇళ్లు ఉండేవి. గట్టిమేళం వినబడగానే ఇంటిల్లిపాదీ లేచి నిలబడి పటం మీద అక్షింతలు వేస్తారు. ఆ తరువాతే పానకం గ్లాసులు చేతికొస్తాయి. అంతదాకా పిల్లలకు కూడా ఆగమనే చెబుతారు.

సాంకేతిక విధానం

స్టూడియో వెలుపలి నుంచి చేసే ఈ తరహా ప్రసారాన్ని రేడియోవాళ్లు ఓబీ అంటారు. కల్యాణ మండపం దగ్గర వేర్వేరు మైకులు అమరుస్తారు. ఒకటి వ్యాఖ్యాతలకు, ఒకటి మంత్రాలు చదివే అర్చక స్వాములకు, ఒకటి మేళానికి, మరొకటి జనధ్వనికి. వీటన్నిటినీ కలిపి తగుపాళ్లలో పంపే పని మిక్సర్ దగ్గర కూచున్న ఇంజినీరుది. మేళం మైకు కొంచెం ఎక్కువైతే మంత్రం మునిగిపోతుంది. జనధ్వని పూర్తిగా తగ్గిస్తే కల్యాణం స్టూడియోలో జరిగినట్టుంటుంది.

అక్కడి నుంచి ధ్వని మొదట్లో టెలిఫోను శాఖ ప్రత్యేకంగా కేటాయించిన తీగల మీద కేంద్రానికి వెళ్లేది. దారిలో ఎక్కడ తీగ తెగినా ప్రసారం ఆగేది. అందుకే స్టూడియోలో రామదాసు కీర్తనల రికార్డులు సిద్ధంగా పెట్టుకునేవారు. తరువాత ఉపగ్రహ అనుసంధానం వచ్చింది. ఒక కేంద్రం అందుకున్నదాన్ని మిగతా కేంద్రాలు రిలే చేస్తాయి.

తెలుగు శ్రోతలకు చిరపరిచితమైనవి మీడియం వేవ్‌లో హైదరాబాదు 738, విజయవాడ 837 కిలోహెర్ట్జ్. మీడియం వేవ్ తరంగం పగలు నేలను అంటిపెట్టుకుని పోతుంది. రాత్రి పై వాతావరణ పొరల నుంచి తిరిగి వచ్చి దూరాలకు చేరుతుంది. కల్యాణం మధ్యాహ్నం కాబట్టి దూరపు ఊళ్లలో గరగర తప్పేది కాదు. సెట్టును అటూ ఇటూ తిప్పి, లోపలి ఏరియల్ దిశ కుదిరేదాకా వెతుక్కోవడం శ్రోతల పని. 1980ల చివర, 1990ల మొదట ఆదిలాబాద్, కొత్తగూడెం, వరంగల్, నిజామాబాద్‌లలో ఎఫ్.ఎం. కేంద్రాలు వచ్చాక చుట్టుపక్కల జిల్లాలకు ఆ ఇబ్బంది కొంత తగ్గింది.

మేడిపల్లి, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతంలో

మేడిపల్లి జగిత్యాల, కోరుట్ల పట్టణాల నడుమ ఉన్న మండల కేంద్రం. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజన జరిగేదాకా ఇది కరీంనగర్ జిల్లాలో ఉండేది. ఇక్కడి నుంచి భద్రాచలం సుమారు 300 కిలోమీటర్లు. యాసంగి కోతలు ముంచుకొచ్చే చైత్రమాసంలో అంత దూరం పోయిరావడం వ్యవసాయ కుటుంబాలకు తేలిక కాదు.

అయితే ఈ ప్రాంతానికి దగ్గరి క్షేత్రాలు లేకపోలేదు. గోదావరి ఒడ్డున ధర్మపురి లక్ష్మీనరసింహస్వామి, కొండగట్టు ఆంజనేయస్వామి, వేములవాడ రాజరాజేశ్వరస్వామి ఉన్నారు. వేములవాడలో శ్రీరామనవమి ఒక అపురూపం. శివాలయంలో సీతారాముల కల్యాణం జరుగుతుంటే, స్వామికి తమను అర్పించుకున్న, శివపార్వతులని పిలిచే భక్తులు త్రిశూలాలు పట్టి, తలంబ్రాలు చల్లుకుంటారు. జమ్మికుంట దగ్గరి ఇల్లందకుంట రామాలయాన్ని అపర భద్రాద్రి అంటారు. ఊరూరా రామాలయం లేదా హనుమాండ్ల గుడి ముందు చలువ పందిరి వేసి కల్యాణం చేస్తారు.

అంటే భద్రాచల ప్రసారం ఇక్కడ గుడి లేని లోటు తీర్చడానికి రాలేదు. ఊరి కల్యాణానికి తోడుగా వచ్చింది. పందిట్లో మైకుకు రేడియో ఆనించి భద్రాద్రి ముహూర్తం వినిపించడం, అక్కడ జీలకర్ర బెల్లం పెట్టినప్పుడే ఇక్కడా పెట్టడం చాలా గ్రామాల్లో సాగిన పద్ధతి. ఊరి అయ్యగారికి ఇది పంచాంగం చూసుకున్నంత నమ్మకం.

తొలి దశలో సొంత రేడియో ఉన్న ఇళ్లు తక్కువ. సెట్టు కొనాలి, పోస్టాఫీసులో ఏటా లైసెన్సు రుసుము కట్టాలి. ఆ లైసెన్సు విధానం 1980లలో పోయింది. 1960ల తరువాత ట్రాన్సిస్టర్లు చౌకయ్యేదాకా చాలామంది విన్నది పంచాయతీ రేడియోనే. గద్దె మీదో, పంచాయతీ ఆఫీసు గోడ మీదో లౌడ్‌స్పీకర్ ఉండేది. గుడి గడప దగ్గర కొందరిని ఆపిన రోజుల్లో ఆ లౌడ్‌స్పీకర్ ఎవరి కులమూ అడగలేదు. ఐతే అది ఏ వాడలో ఉంది, దాని ముందు ఎవరు కూచోగలరు అన్న ప్రశ్నలు ఉండనే ఉన్నాయి. వాడవాడకూ ట్రాన్సిస్టర్ చేరాకే ఆ తేడా నిజంగా చెరిగింది.

జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి ఇళ్లలో బీడీలు చుట్టే ఆడవాళ్లకు, సిరిసిల్ల మరమగ్గాల కార్మికులకు పని మానితే కూలి పోతుంది. చేట ఒళ్లో పెట్టుకుని, ఆకు కత్తిరిస్తూ, తంబాకు నింపి దారం చుడుతూ వినగలిగే ఆరాధన రేడియో ఇచ్చింది. సాంచాల, అంటే మరమగ్గాల, మోతలో మాత్రం రేడియో వినబడదు. అక్కడ నవమి వినాలంటే మరమగ్గం ఆపాల్సిందే.

మంచం పట్టిన ముసలివాళ్లు, బాలింతలు, చూపు లేనివారు, మైల వల్లనో ఆచారం వల్లనో గుడికి వెళ్లని రోజుల్లో ఉన్నవారు ఈ ప్రసారాలకు నికరమైన శ్రోతలు. టీవీ వచ్చాక కూడా చూపు లేనివారికి రేడియో వ్యాఖ్యానమే మేలు. తెరమీద బొమ్మ ఉందన్న ధైర్యంతో టీవీ వ్యాఖ్యాత ఏమీ వర్ణించడు.

ఈ జిల్లాల నుంచి గల్ఫ్‌కు వలస ఎక్కువ. భద్రాచలంలో పన్నెండు గంటల ముహూర్తం దుబాయిలో పదిన్నర, సౌదీలో, కువైట్‌లో తొమ్మిదిన్నర. నవమికి అక్కడ సెలవు లేదు. సెల్‌ఫోన్లు వచ్చిన తొలి రోజుల్లో ఇంటివాళ్లు రేడియో దగ్గర ఫోను పెట్టి మాంగల్యధారణ మేళం వినిపించిన సందర్భాలు ఈ ప్రాంతంలో చెప్పుకుంటారు. ఒకరు విన్నది ఇంకొకరికి వినిపించే ఈ పని ఏ కేంద్రం లెక్కల్లోకీ రాని రిలే.

వినడం ఆరాధన అవుతుందా

భాగవతంలో ప్రహ్లాదుడు చెప్పిన నవవిధ భక్తుల్లో శ్రవణం మొదటిది. రేడియో వినికిడిని భక్తిగా ఒప్పుకోవడానికి తెలుగువారికి పెద్ద చర్చ అవసరం లేకపోవడానికి ఇది ఒక కారణం. రెండో కారణం ఆలయ వ్యవస్థలోనే ఉంది. దూరాన ఉన్న భక్తుడు రుసుము పంపితే అతని గోత్రనామాలతో పూజ చేసే పరోక్ష సేవ పెద్ద క్షేత్రాల్లో ఉన్నదే. ప్రసాదం తపాలాలో వచ్చేది. 2022 నుంచి భద్రాచల తలంబ్రాలను ఆర్టీసీ కార్గో ఇళ్లకు చేరుస్తోంది. ఆగమ దృష్టిలో కల్యాణ ఫలం క్రతువు సరిగా జరగడం మీద ఆధారపడుతుంది, ఎందరు చూశారన్న దాని మీద కాదు. కాబట్టి వినేవాడి ఉనికి క్రతువుకు షరతు కాదు, అతని లేమి లోపమూ కాదు.

అభ్యంతరాలు లేకపోలేదు. చెప్పులేసుకుని, అన్నం తింటూ మంత్రాలు వినడం తగదని ఛాందసులు అన్నారు. వేదమంత్రం గురుముఖతః రావాలన్న నియమాన్ని మరికొందరు ఎత్తిచూపారు. ఆ నియమం నేర్చుకునేవాడికి సంబంధించింది, వినేవాడికి కాదన్నది దానికి జవాబు. ఆచరణలో ఇళ్లవాళ్లే హద్దులు పెట్టుకున్నారు. కాళ్లు కడుక్కుని కూచోవడం, ప్రసారం నడుస్తుండగా రేడియో కట్టేయకపోవడం అలాంటివే.

ఇతర దేశాల్లో

అమెరికాలో పిట్స్‌బర్గ్‌లోని కేడీకేఏ కేంద్రం 1921 జనవరి 2న కాల్వరీ ఎపిస్కోపల్ చర్చి నుంచి చేసిన ప్రసారాన్ని తొలి ఆరాధన ప్రసారంగా లెక్కిస్తారు. లండన్‌లోని సెయింట్ మార్టిన్ ఇన్ ది ఫీల్డ్స్ చర్చి నుంచి బీబీసీ 1924 జనవరి 6న ప్రార్థన వినిపించింది. వాటికన్ రేడియోను మార్కోనీ స్వయంగా నిర్మించగా 1931 ఫిబ్రవరి 12న ప్రారంభించారు. మన దేశంలో కలకత్తా కేంద్రం 1930ల నుంచి మహాలయ తెల్లవారుజామున వినిపిస్తున్న మహిషాసురమర్దిని కార్యక్రమం బెంగాలీలకు ప్రాణం. 1976లో దాన్ని పఠించే బీరేంద్రకృష్ణ భద్ర గొంతు తీసేసి సినీ నటుడు ఉత్తమ్‌కుమార్ గొంతుతో కొత్త కార్యక్రమం పెడితే శ్రోతలు తిరగబడ్డారు. కేంద్రం పాతదానికే మళ్లింది. ఆరాధన ప్రసారంలో గొంతు కూడా ఆచారంలో భాగమైపోతుందని చెప్పే ఉదంతం ఇది.

యూదుల విషయంలో సమస్య ఇంకా లోతైనది. వారపు విశ్రాంతి దినమైన సబ్బాతులోనూ ప్రధాన పండుగల్లోనూ విద్యుత్ పరికరాలు వేయడాన్ని, ఆపడాన్ని సనాతన యూదు సంప్రదాయం నిషేధిస్తుంది. కొత్త సంవత్సరమైన రోష్ హషానాకూ, ఉపవాస ప్రాయశ్చిత్త దినమైన యోమ్ కిప్పూర్‌కూ ఈ నియమం వర్తిస్తుంది. పైగా కొన్ని ప్రార్థనలకు మిన్యాన్ కావాలి, అంటే పదిమంది వయోజనులు ఒకచోట ఉండాలి. రేడియో ముందున్నవాడు ఆ పదిమందిలో లెక్కకు రాడు. రేడియోలో విన్న ఆశీర్వచనానికి ‘ఆమెన్’ అనవచ్చా అన్నది యూదు మతగురువులైన రబ్బీల మధ్య నలిగిన ప్రశ్న.

ఈ కట్టుబాట్లను అంత కచ్చితంగా పాటించని సంస్కరణవాద శాఖ అమెరికాలో రేడియోను త్వరగా అందిపుచ్చుకుంది. 1934లో రబ్బీ జోనా వైజ్ ‘మెసేజ్ ఆఫ్ ఇజ్రాయెల్’ కార్యక్రమం మొదలుపెట్టారు. న్యూయార్క్‌లోని టెంపుల్ ఎమాన్యుఎల్ ప్రార్థనలు డబ్ల్యూక్యూఎక్స్ఆర్ కేంద్రం నుంచి దశాబ్దాల పాటు వినిపించాయి. మంచం పట్టినవారికి, యూదులు ఒకరిద్దరే ఉన్న చిన్న ఊళ్లవారికి అవి దిక్కయ్యాయి. మేడిపల్లి శ్రోత పరిస్థితికి దగ్గరగా వచ్చేది ఇక్కడే.

ఇజ్రాయెల్‌లో దీనికి పూర్తి విరుద్ధం. యోమ్ కిప్పూర్ నాడు అక్కడి రేడియో, టీవీ మూగబోతాయి. 1973 అక్టోబరు 6న, అదే పర్వదినాన, యుద్ధం ముంచుకొచ్చినప్పుడు రేడియో మౌనం వీడి రిజర్వు సైనికులను పిలిచింది. రేడియో పలకడమే ఆపద సంకేతమైన రోజు అది.

తెలుగు ప్రవాసుల్లో మారిషస్‌వారిని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. అక్కడి ప్రసార సంస్థ ఎంబీసీ తెలుగులో కార్యక్రమాలు అందిస్తుంది. ఉగాది, రామభజన, సింహాద్రి అప్పన్న పూజ వారి ఆచార జీవనంలో నిలిచి ఉన్నాయి.

విధానం, విమర్శలు

ఆకాశవాణి ప్రసార నియమావళి మతాల మీదా సమాజాల మీదా దాడిని నిషేధిస్తుంది, ఆరాధనను ప్రసారం చేయడాన్ని కాదు. 1997 నుంచి ఆకాశవాణి ప్రసార భారతి కింద నడుస్తోంది. ప్రజల సొమ్ముతో నడిచే సంస్థ ఒక మతం ఉత్సవాలకు ఎక్కువ సమయం ఇస్తోందన్న విమర్శ ఉంది. వివిధ మతాల పండుగలకు కార్యక్రమాలు ఉన్నాయన్నది జవాబు. ప్రత్యక్ష ప్రసారాల గంటలు లెక్కిస్తే మాత్రం ఆ విమర్శను తీసిపారేయలేం. హిందూ ఆరాధనలోనూ పెద్ద గుళ్లకు దక్కిన చోటు ఊరి దేవతలకు దక్కలేదు. పోశమ్మ బోనాలకు, మల్లన్న పట్నాలకు వ్యాఖ్యాత వెళ్లింది తక్కువ. ఒగ్గు కథకుడి గొంతు రేడియోకు జానపద కళగా చేరింది, ఆరాధనగా కాదు. మల్లన్న ఎదుట పట్నం వేసి ఒగ్గు పూజారి చెప్పే కథ కూడా క్రతువే కాబట్టి ఈ విభజన సరైనది కాదు.

టీవీ, అంతర్జాలం తరువాత

హైదరాబాదు దూరదర్శన్ 1977లో మొదలైంది. భద్రాచల కల్యాణం క్రమంగా తెరకెక్కింది. తిరుమల తిరుపతి దేవస్థానాల ఎస్వీబీసీ 2008 జులై 7న వచ్చింది. ప్రైవేటు భక్తి చానెళ్లు, యూట్యూబ్ ఆ తరువాతివి. 2020 ఏప్రిల్ 2న, లాక్‌డౌన్ నడుమ, భద్రాచల కల్యాణం గుడి లోపల భక్తులు లేకుండా జరిగింది. ఆ ఒక్క నవమికి భద్రాచలం పట్టణంలో ఉన్నవాళ్లు, మేడిపల్లిలో ఉన్నవాళ్లు, దుబాయి క్యాంపుల్లో ఉన్నవాళ్లు ఒకే తీరున దూరపు భక్తులయ్యారు. అదే ఏడాది యూదుల్లో కన్సర్వేటివ్ శాఖ రబ్బీలు పండుగ ప్రార్థనలను అంతర్జాలంలో అందించడంపై కొన్ని షరతులతో సడలింపులు ఇచ్చారు.

రేడియో ప్రసారం ఆగలేదు. ఆకాశవాణి కేంద్రాలు ఇప్పుడు ‘న్యూస్ ఆన్ ఎయిర్’ యాప్‌లో దొరుకుతాయి. మీడియం వేవ్ అందని దేశాల్లోనూ హైదరాబాదు, విజయవాడ కేంద్రాలను వినవచ్చు. ఉషశ్రీ ప్రవచనాల రికార్డింగులు నేటికీ వినేవారున్నారు. ప్రవచనానికి రికార్డు ఉంటుంది, తిరిగి వేసుకోవచ్చు. కల్యాణ వ్యాఖ్యానం ఆ ముహూర్తానికే కట్టుబడినది కాబట్టి దాన్ని దాచాలన్న ఆలోచన మొదటి నుంచీ బలహీనంగా ఉంది. దశాబ్దాల నవమి వ్యాఖ్యానాల్లో చాలా భాగం విన్నవారి జ్ఞాపకంలోనే ఉంది. వారిలో చాలామంది ఇప్పుడు పెద్దవయసులో ఉన్నారు. ఏ వ్యాఖ్యాత ఎలా చెప్పాడు, ఊరి పందిట్లో ఎలా విన్నారు అన్నవి ఊళ్లవారీగా రాసిపెట్టడం ఈ విషయంలో వెంటనే జరగాల్సిన పని.